పడిన వాన పొలంలోనే నిలవాలంటే: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాన నీటి గురించీ, కొట్టుకుపోతున్న మట్టి గురించీ వచ్చినవే. తొలకరికి ముందు చేయవలసిన పనులు కనుక వాటిలో నుంచి కొన్ని ప్రశ్నలను ఎంచుకొని, కొంచెం విపులంగా సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయం మీద పలువురు రాసిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర వాలుగా ఉండే ఐదెకరాల ఎర్ర నేల. ఏటా వర్షాధారంగా వేరుశనగ వేస్తాము. గట్టి వాన పడితే మట్టి కొట్టుకుపోయి, కింది భాగంలో ఇసుక మేట వేస్తోంది. వాన వెనుకబడిన పది రోజులకే పైరు వాడుముఖం పడుతోంది. గట్లు వేయించమని కొందరు, కుంట తవ్వించమని కొందరు అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి? (ఒక రైతు, అనంతపురం జిల్లా)

సమాధానం: గట్లతోనూ కాదు, కుంటతోనూ కాదు, దుక్కితో మొదలుపెట్టండి. కారణం చెబుతాము.

మీ జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. అంటే 40 మిల్లీమీటర్ల వాన ఒక్కటి కురిస్తే మీ ఐదెకరాల మీద ఎనిమిది లక్షల లీటర్లు పడినట్టు. అందులో ఐదో వంతు పారిపోయినా లక్షా అరవై వేల లీటర్లు చేను దాటి వంకలో కలిసిపోతాయి. ఇంత నీటిని చేను చివర ఒక్కచోట ఆపాలనుకుంటే అప్పటికే దానికి ఉరవడి వచ్చి ఉంటుంది, మట్టిని వెంటబెట్టుకొని వచ్చి ఉంటుంది. పడిన చోటే, ఒక్కొక్క చాలులో కొద్దికొద్దిగా ఆపితే ఆ ఉరవడి పుట్టనే పుట్టదు.

మట్టి సంగతి కూడా ఇలాంటిదే. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందం పొర పోయిందంటే ఐదారు టన్నుల మట్టి పోయినట్టు. దేశం మొత్తం మీద ఏటా హెక్టారుకు సగటున 16.4 టన్నుల మట్టి కొట్టుకుపోతోందని 1983లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అది ఎకరానికి ఆరున్నర టన్నులు, అంటే మిల్లీమీటరు కన్నా కొద్దిగా ఎక్కువ పొర. ఏ ఒక్క ఏడాదిలోనూ అది కంటికి ఆనదు. పైగా మొదట పోయేది సన్నని బంకమన్ను, దానితో కలిసి ఉన్న సేంద్రియ పదార్థం. బరువైన ఇసుక దగ్గరలోనే దిగిపోతుంది. మీ చేను దిగువన కనిపిస్తున్న మేట అదే. నీటిని పట్టి ఉంచే భాగం వెళ్లిపోయి, పట్టి ఉంచలేని భాగం మిగిలింది కనుకనే పది రోజులకు పైరు వాడుతోంది.

చాలా చేలు వాలు వెంట పొడుగ్గా ఉంటాయి. మలుపులు తక్కువని ట్రాక్టరును పొడుగునే తోలుతారు. ప్రతి చాలూ అప్పుడు ఒక చిన్న కాలువ అవుతుంది. వేసవి దుక్కి అయినా, విత్తడమైనా వాలుకు అడ్డంగానే జరగాలని ట్రాక్టరు యజమానితో ముందుగానే గట్టిగా చెప్పండి. మలుపులు ఎక్కువైనందుకు గంటకు కొంత ఎక్కువ ఇవ్వవలసి వచ్చినా వెనుకాడవద్దు. విత్తిన తరువాత ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డు చాలు (విత్తనం వేయని ఖాళీ చాలు) వాలుకు అడ్డంగా తీయండి. గుంటకతోనో నాగలితోనో అంతరకృషి సమయంలోనే తీయవచ్చు కనుక దీనికి ప్రత్యేకమైన ఖర్చు దాదాపు ఉండదు. ఏడు లేదా పదకొండు వరుసల వేరుశనగకు ఒక వరుస కంది వేస్తే, వేరుశనగ పీకేసిన తరువాత కూడా నేల మీద ఒక పైరు నిలబడి ఉంటుంది, స్వాతి వానలకు నేల బోసిగా ఉండదు.

ఈ పని అయ్యాకే గట్ల మాట. గట్టు సమమట్టపు రేఖ మీద, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీత మీద ఉండాలి, కంటి అంచనాతో వేసిన గట్టు ఏదో ఒక చోట పల్లమై అక్కడే తెగుతుంది. మట్టం చూడడానికి సర్వేయరే రానవసరం లేదు. ఆరేడడుగుల తిన్నని కర్రలు రెండు తీసుకొని పై కొసలు కలిపి గట్టిగా కట్టండి. కాళ్లు ఐదడుగుల ఎడంగా ఉండేలా చాపి, నడుము దగ్గర మూడో కర్రను అడ్డంగా బిగించండి. పై ముడి నుంచి దారానికి ఒక రాయి కట్టి, అడ్డకర్ర దాటి కిందికి వేలాడేలా వదలండి. రెండు కాళ్లూ నేల మీద మోపిన చోట్లను గుర్తు పెట్టుకొని, దారం అడ్డకర్రను తాకిన చోట బొగ్గుతో ఒక గీత గీయండి. తరువాత ఒకదాని గుర్తు మీదికి మరొకటి వచ్చేలా రెండు కాళ్లనూ తారుమారు చేసి నిలిపి, మళ్లీ ఒక గీత గీయండి. ఆ రెండు గీతలకు సరిగ్గా నడిమి చోటే సమమట్టం గుర్తు. ఇక చేను అంచున ఒక కాలు మోపి, దారం ఆ నడిమి గుర్తు మీదికి వచ్చేదాకా రెండో కాలును పైకో కిందికో జరిపి, అక్కడొక పుల్ల గుచ్చి, దాని మీదుగా మళ్లీ ముందుకు తిప్పుతూ పోతే చేను రెండో అంచుకు చేరేసరికి సమమట్టపు రేఖ పుల్లల వరుసగా కనిపిస్తుంది. గాలి వీచే వేళ దారం కదులుతుంది కనుక ఉదయం పూట చేయడం మంచిది. ఆ రేఖ వంకరగా ఉంటుంది. ట్రాక్టరు తిరగడానికి వీలుగా చిన్న చిన్న వంకరలను సరిచేసుకోవచ్చు గానీ, తాడు పట్టినట్టు సూటిగా మార్చవద్దు.

గట్టుకూ గట్టుకూ మధ్య దూరం వాలును బట్టి ఉంటుంది. నూరు మీటర్లకు రెండు మీటర్లు దిగే నేలలో సుమారు 40 మీటర్లకు ఒకటి, మూడు మీటర్లు దిగే నేలలో సుమారు 30 మీటర్లకు ఒకటి సరిపోతుంది. ప్రతి గట్టుకూ ఒక చివర రాళ్లు పరిచిన మరవ (మిగులు నీరు బయటికి పోయే దారి) తప్పనిసరి. ఎంత బలమైన గట్టయినా పొర్లిపారే నీటికి నిలవదు. కొత్త గట్టు మీద తొలి వానకే వట్టివేరు పిలకలు గానీ, గిరిపుష్పం (గ్లైరిసిడియా) కొమ్మలు గానీ నాటండి. గిరిపుష్పం ఆకును ఏడాదికి రెండు మూడు సార్లు కోసి చేనులోనే పరిస్తే, పోయిన సేంద్రియ పదార్థం కొంతైనా తిరిగి వస్తుంది.

ప్రశ్న: మాది నల్లరేగడి. పత్తి, సోయా వేస్తాము. ఎర్ర నేలల రైతులు చెప్పినట్టే సమమట్టపు గట్లు వేయించాము. నీరు రోజుల తరబడి నిలిచి గట్టు పక్క పైరు పసుపెక్కింది, రెండో ఏడాది గట్టే తెగిపోయింది. లోపం ఎక్కడ? (ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా)

సమాధానం: మీ నేలకూ, మీ వర్షానికీ ఆ గట్టు తగినది కాదు. ఎర్ర నేలలో నీరు ఆగితే ఇంకుతుంది. నల్లరేగడి తడిసి ఉబ్బిందంటే బీటలు మూసుకుపోయి, నీరు ఇంకడం చాలా నెమ్మదిస్తుంది. మీ జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. అంత నీరు గట్టు వెనుక నిలిస్తే వేళ్లకు గాలి అందక పైరు పసుపెక్కుతుంది. గట్టు తెగడానికి కారణం వేసవిలోనే పుట్టి ఉంటుంది. రేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడు ఆ నెర్రెలు గట్టు అడుగు గుండా కూడా పోతాయి. తొలకరి వానకు గట్టు వెనుక నిలిచిన నీరు ఆ నెర్రెల్లో దూరి, మట్టిని లోపలి నుంచే తొలిచేస్తుంది. పైకి గట్టు చెక్కుచెదరనట్టు కనిపిస్తూనే ఒక్కసారిగా కూలుతుంది.

రేగడి నేలల్లో నీటిని ఆపడం కాదు, నెమ్మదిగా నడిపించడం ముఖ్యం. నూరు మీటర్లకు 20 నుంచి 40 సెంటీమీటర్లు మాత్రమే దిగేలా గట్టును చాలా స్వల్పమైన వాలుతో వేసి, ఆ నీరు గడ్డి పెంచిన ఒక పక్క కాలువలోకి చేరేలా చేయాలి. గడ్డి లేని కాలువ రెండేళ్లలో వంకగా మారుతుంది కనుక, గట్టు కన్నా ముందు ఆ కాలువలో గడ్డి నాటించండి.

చేను లోపల సోయాకు ఎత్తు మడులు, కాలువల పద్ధతి బాగా నప్పుతుంది. మీటరు వెడల్పు మడి, దాని పక్కన అర మీటరు కాలువ, మొత్తం మీటరున్నర చొప్పున స్వల్పవాలు వెంట చేసుకుంటారు. అధిక వర్షంలో నీరు కాలువ గుండా బయటికి పోతుంది, బెట్ట వస్తే మడిలో నిల్వ ఉన్న పదును పైరును కాపాడుతుంది. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి రేగడి నేల మీద ఈ పద్ధతిని పాత పద్ధతితో పక్కపక్కనే పోల్చి చూస్తున్నారు. ఏడాదికి హెక్టారుకు పాత పద్ధతిలో సగటున టన్ను ధాన్యం వస్తే, మెరుగైన పద్ధతిలో సుమారు ఐదు టన్నులు వచ్చింది. అయితే ఈ తేడా అంతా మడుల వల్లనే వచ్చిందనుకోకూడదు. పాత పద్ధతిలో వానకాలం బీడుగా వదిలి చలికాలంలో ఒక్క పంటే తీశారు. మెరుగైన పద్ధతిలో వానకాలంలోనే పంటలు వేశారు, మంచి విత్తనాలు, ఎరువులు వాడారు. నేల, నీరు, పంట మూడింటినీ కలిపి చూసుకున్న ఫలితం అది.

ప్రశ్న: చెలక (తేలికపాటి ఎర్ర) నేలలో నీటి కుంట తవ్విస్తే నీరు నిలుస్తుందా? ఎంత కొలత తవ్వించాలి? ఆ నీటితో వేసవిలో కూరగాయలు పండించవచ్చా? (ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా)

సమాధానం: పైన 17 మీటర్ల చదరం, అడుగున 8 మీటర్ల చదరం, లోతు 3 మీటర్లు ఉండే కుంటలో దాదాపు 490 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. అంటే నాలుగు లక్షల తొంభై వేల లీటర్లు. ఐదెకరాల చెలక నుంచి 40 మిల్లీమీటర్ల వానకు ఐదో వంతు పారుతుందనుకుంటే, అలాంటి మూడు వానలకు కుంట నిండుతుంది. ఇంతకు మించి పెద్దది తవ్వించాలంటే నీరు వచ్చే చేను కూడా అంత పెద్దది ఉండాలి.

చెలకలో పూత వేయని కుంట నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఆరు నుంచి ఎనిమిది పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి పూత వేయడం ఒక మార్గం. 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరచడం మరొకటి. షీటు పరిచేటప్పుడు రాళ్లు, వేళ్ల మొదళ్లు ఏరివేయకపోతే తొలి ఏడాదే చిరుగుతుంది. పూత వేసినా ఆవిరిని ఆపలేము. వానకాలంలోనే నెలకు 15 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ.

అందుచేత ఈ నీటిని వేసవి కోసం దాచవద్దని మా గట్టి అభిప్రాయం. కుంట ఉన్నది నిలబడి ఉన్న వానకాలపు పంటను బెట్ట నుంచి గట్టెక్కించడానికి. పూత, గింజకట్టే దశలో, వేరుశనగ అయితే ఊడలు దిగి కాయ ఊరే దశలో, రెండు వారాలు వాన మొహం చాటేస్తే తుంపర పరికరాలతో 20 మిల్లీమీటర్ల తడి ఇవ్వండి. దానికి ఎకరానికి సుమారు 80 వేల లీటర్లు చాలు. నిండు కుంట ఉంటే, ఆవిరి పోను కూడా ఐదెకరాలకు ఒక తడి ఇవ్వవచ్చు. అదే నీటిని మడి కట్టి పారిస్తే రెండెకరాలకు కూడా సరిపోదు.

కుంటను చేను పల్లపు మూలలో తవ్వించండి, వంకలో మాత్రం వద్దు. నీరు లోపలికి వచ్చే చోట చిన్న పూడిక గుంట ఉంటే మట్టి అందులోనే దిగుతుంది, ఏటా ఒకసారి ఎత్తి చేనులో చల్లుకోవచ్చు. తవ్వేటప్పుడు పై అడుగు మట్టిని విడిగా పోయించి చేనుకే వాడండి, మిగిలిన మొరం అంచుకు మీటరు ఎడంగా కట్టగా వేయండి.

మరొక మాట, ఇది అడగకపోయినా చెప్పవలసినది. షీటు పరిచిన కుంట గోడ తడిస్తే నున్నగా జారుతుంది. ఈత వచ్చినవారు కూడా పైకి ఎక్కలేరు. పిల్లలు, పశువుల కాపరులు ఇలాంటి కుంటల్లో పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. చుట్టూ కంచె వేయించి, నాలుగు వైపులా ముడులు వేసిన లావు తాళ్లు గట్టిగా పాతిన గుంజలకు కట్టి నీటిలోకి వదలండి. కుంట ఖర్చులో ఈ కంచె, ఈ తాళ్లు మొదటి రోజు నుంచే భాగం కావాలి.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉంటాను. పత్తికొండ దగ్గర ఉన్న ఎనిమిదెకరాలను కౌలుకిచ్చాను. గట్లు కరిగిపోతున్నాయి, ఒక మూల వంక కోసుకుంటూ చేనులోకి వస్తోంది. కౌలుదారు పట్టించుకోవడం లేదు. ఏమి చేయాలి? (ఒక భూయజమాని)

సమాధానం: కౌలుదారు పట్టించుకోకపోవడానికి కారణం ఆయన నిర్లక్ష్యమే అని అనుకోనక్కరలేదు. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి, ఐదేళ్లకు ఫలితమిచ్చే గట్టు మీద తన డబ్బు ఎందుకు పెడతాడు? గట్టు, మరవ, వంక కోతను ఆపే రాతి కట్ట భూమితో పాటు మిగిలిపోయేవి, వాటి ఖర్చు యజమానే భరించడం న్యాయం. దుక్కి అడ్డంగా దున్నడం, గొడ్డు చాళ్లు తీయడం, మోళ్లు తగలబెట్టకుండా ఉంచడం కౌలుదారు చేయగలిగినవి. ఒప్పందంలో వీటిని రాసుకొని, అందుకు బదులుగా కౌలు కొంత తగ్గించండి. ఒకే మనిషి సాగు చేస్తే భూమి పోతుందనే భయంతో ఏటా కౌలుదారును మార్చేవారు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకోవచ్చు, దాని వల్ల సాగుదారుకు దక్కేది పంట మీద హక్కే గాని భూమి మీద కాదు. కాబట్టి అదే కౌలుదారుకు ఏటా ఒప్పందం కొత్తగా రాసి ఇస్తూ కొనసాగించడానికి మీరు జంకవలసినది లేదు. పంట కోశాక గొర్రెల మందను కట్టించే ఖర్చు చెరిసగం పెట్టుకుందామని అడిగి చూడండి, సాధారణంగా ఎవరూ కాదనరు.

వంక కోతను ఆపడం కింది నుంచి మొదలుపెట్టవద్దు. కోత మొదలయ్యే తల దగ్గర నీటిని పక్కకు మళ్లించి, అక్కడి నుంచి కిందికి వరుసగా రాతి కట్టలు వేయించండి. కింది కట్ట తల, దాని పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోవాలి. కట్ట నడుమ భాగం రెండు అంచుల కన్నా పల్లంగా ఉండాలి. నడుమ ఎత్తుగా ఉంటే నీరు అంచులను కోసుకొని పక్క నుంచి కొత్త దారి చేసుకుంటుంది. రెండు వైపులా రాళ్లను ఒడ్డులోకి అర మీటరు మేర దిగవేయించండి. వంక పక్క రైతుదీ మీదీ ఉమ్మడి అయితే ముందుగా ఆయనతో కూర్చొని మాట్లాడండి, మీ వైపు ఆపిన నీరు ఆయన గట్టు మీద పడకూడదు. ఉపాధి పథకం పనుల్లో ఇలాంటి కట్టలు చేర్చే వీలు ఉంటుంది కనుక గ్రామసభకు ముందే పంచాయతీలో అడగండి. భూమిని చూడడానికి వేసవి సెలవుల్లో కాక, మంచి వాన పడుతున్నప్పుడు ఒక్కసారి వెళ్లండి. నీరు ఎక్కడ చేరి, ఎక్కడ ఉరవడి పెంచుకొని, ఏ రంగులో బయటికి పోతోందో గొడుగు పట్టుకొని గంట సేపు చూస్తే మీ చేనుకు కావలసిన పని మీకే తెలుస్తుంది.

ప్రశ్న: చెరువు పూడిక మట్టి ఎర్ర నేలకు ఎంత తోలాలి? (పలువురు పాఠకులు)

సమాధానం: ఎకరం మీద ఒక సెంటీమీటరు మందం పరవాలంటే 40 ఘనపు మీటర్లు కావాలి. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రక్కుతో పదమూడు, పద్నాలుగు సార్లు తోలాలన్నమాట. మొదటి ఏడాదికి అది చాలు. తోలే ముందు ఆ మట్టిని భూసార పరీక్షకు పంపండి, చౌడు గుణం ఉన్న మట్టి అయితే వద్దు. గట్లు లేని వాలు చేనుకు పూడిక తోలితే ఆ మన్ను మళ్లీ చెరువుకే చేరుతుంది.

ప్రశ్న: మా బోరు ఎండిపోయింది. పొలంలో పారే వాన నీటిని నేరుగా బోరులోకి వదిలితే నీళ్లు పెరుగుతాయని అంటున్నారు. నిజమేనా? (ఒక రైతు, సిద్దిపేట జిల్లా)

సమాధానం: నేరుగా ఎప్పుడూ వదలవద్దు. ఆ నీటితో పాటు బురద దిగి రాతి పగుళ్లు పూడుకుపోతాయి, పురుగుమందులు, ఎరువులు భూగర్భ జలంలో కలుస్తాయి. అదే జలాన్ని ఊరు తాగుతుంది. చేయదలిస్తే బోరు చుట్టూ రెండు మీటర్ల చదరం, మూడు మీటర్ల లోతు గుంత తీసి, ఆ మేరకు కేసింగ్ పైపుకు రంధ్రాలు వేసి సన్నని జాలీ చుట్టి, అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికన్నా పైన ఇసుక నింపాలి. గుంతకు ముందు నీరు తేరుకోవడానికి మరొక చిన్న గుంట ఉండాలి. ఇసుకను ఏటా తీసి కడగాలి. మందులు చల్లిన పత్తి చేను నీటిని ఇందులోకి మళ్లించవద్దు.

అయితే ఈ గుంతతో మీ బోరు కష్టం తీరుతుందని చెప్పలేము. మీ ప్రాంతం గ్రానైటు రాతి నేల. నీరు ఉండేది పైనున్న మెత్తబడిన రాతి పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే. ఇలాంటి చోట వర్షంలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే భూమి లోపలికి చేరుతుంది. ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే చేరేది 80 మిల్లీమీటర్లు. యాసంగి వరికి కావలసిన నీరు సుమారు 1200 మిల్లీమీటర్లు. అంటే ఒక ఎకరం వరికి తోడే నీరు పదిహేను ఎకరాల్లో ఇంకిన నీటికి సమానం. వరి మడిలో నుంచి కొంత తిరిగి ఇంకుతుందని లెక్క వేసినా, చుట్టుపక్కల పది బోర్లు ఇదే పని చేస్తుంటే నీటి మట్టం నిలబడదు. మరొక బోరు వేస్తే అదే నీటిని ఇంకొంచెం లోతు నుంచి తోడుతారు, అంతే. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి కూడా తీసుకోవలసి ఉంటుంది. ఈ యాసంగికి వరిని అరెకరానికి తగ్గించి, మిగిలిన నేలలో నువ్వులు, పెసర, పొద్దుతిరుగుడు వంటి ఆరుతడి పంటలు వేయండి. పక్క బోర్ల వారు కూడా అదే చేయడానికి ఒప్పుకుంటే, రెండు మూడు వానకాలాలు గడిచేసరికి మీ బోరులోని నీటి మట్టంలో తేడా కనిపించే అవకాశం ఉంది. ప్రతి నెలా ఒక తాడుకు బరువు కట్టి ఆ మట్టాన్ని కొలిచి, తేదీతో పాటు రాసిపెట్టుకోండి.